వాద్యబృందమునకు దేశమేది?

వీణ, వేణువు, సితారు, సరోదు, మృదంగము, తబలా ఒకవైపు. వయొలిన్లు, చెల్లో, క్లారినెట్టు మరియొకవైపు. ఇవి యన్నియు చేరి ఒక రాగమును వినిపించునప్పుడు రేడియో చెంత కూర్చున్న శ్రోతకు ఒక సందేహము కలుగుట సహజము. ఇది మన సంగీతమేనా? లేక మన రాగమునకు పరాయి దుస్తులు తొడిగినారా? ఈ ప్రశ్న నేటిది కాదు. దక్షిణ దేశమున రెండు వందల ఏండ్లుగా సంగీతజ్ఞులు దీనిని ఎదుర్కొనుచునే యున్నారు. రేడియో వచ్చిన తరువాత ఇది ప్రభుత్వమునకు సంబంధించిన ప్రశ్న కూడ అయినది. ఆ కథను వరుసగా విన్నవించుట ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట ఒక అపోహ తొలగవలెను. పలువురు వాదకులు కలిసి వాయించుట మనకు పరదేశము నేర్పిన విద్య కాదు. భరతుని నాట్యశాస్త్రము వాద్యగాండ్ర సమూహమును కుతపమని పిలిచి, వారు రంగముపై ఎట్లు కూర్చుండవలెనో వివరించినది. దేవగిరి యాదవరాజుల ఆస్థానమునకు చెందిన శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దములో సంగీతరత్నాకరము రచించుచు, గాయకవాదకుల బృందమును ఉత్తమము, మధ్యమము, కనిష్ఠము అని సంఖ్యను బట్టి మూడు తరగతులు చేసినాడు. ఆలయములలోని సన్నాయి మేళము, డోలు, తాళము మన యూళ్ళలో ఎవరికి తెలియవు? కనుక బృందము మనకు కొత్త కాదు.

మరి యూరపు ఆర్కెస్ట్రాలో కొత్తదనము ఏమున్నది? మూడున్నవి. మొదటిది, వాయించవలసినదంతయు ముందుగా కాగితముపై వ్రాసియుండుట. రెండవది, తాను ఏ వాద్యమును పట్టక, చేతిలో చిన్న కర్రతో అందరిని నడిపించు నిర్వాహకుడు ఉండుట. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, హార్మనీ. అనగా ఒకే సమయమున వేర్వేరు వాద్యములు వేర్వేరు స్వరములు పలికి, ఆ కలయికనుండి ఒక నిండుదనము పుట్టుట. మన సంగీతము ఒంటి తీగవలె సాగునది. శ్రుతి అడుగున నిలిచియుండగా, దానిపై ఒకే స్వరధార వంపులు తిరుగును. ఆ వంపులే గమకములు. గమకము లేని రాగము ప్రాణము లేని బొమ్మ. పశ్చిమపు ఆర్కెస్ట్రా స్తంభములపై నిలిచిన సౌధము వంటిదైన, మన రాగము ప్రవాహము వంటిది. ఈ రెండిటిని కలుపబూనిన ప్రతివారికి ఈ భేదమే అడ్డు వచ్చినది.

పరదేశపు వాద్యములలో మనకు మిక్కిలి ఆప్తమైనది వయొలిన్. 18వ శతాబ్దపు చివర, 19వ శతాబ్దపు ఆరంభమున మద్రాసు జార్జికోటలో ఈస్టిండియా కంపెనీ వారి బ్యాండు ఉండెను. మణలి ముదలియారుల ఆదరణలో ఉన్న రామస్వామి దీక్షితుల కుటుంబమునకు ఆ సంగీతము వినుభాగ్యము కలిగినది. దీక్షితుల కుమారులలో ఒకరైన బాలుస్వామి దీక్షితులు (1786–1859) ఒక యూరపు వాదకునివద్ద వయొలిన్ అభ్యసించి, దానిని కర్ణాటక సంగీతమునకు మలచినారు. ఇంచుమించు ఆ కాలముననే తంజావూరు నేలిన రెండవ శరభోజి (పాలనము 1798–1832) తన ఆస్థానమున పాశ్చాత్య బ్యాండును పోషించినాడు. తంజావూరు సోదర చతుష్టయములోని వడివేలునకు తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించినాడు. అనగా బాలుస్వామి వారి జీవితకాలములోనే ఆ వాద్యము ఆస్థానములలో గౌరవము పొందినది.

ఇంత త్వరగా ఎట్లు ఒదిగినది? కారణము వయొలిన్ నిర్మాణములోనే యున్నది. దానికి మెట్లు లేవు. వేలు తంతిపై ఎక్కడనైనను నిలువవచ్చును, ఎంతదూరమైనను జారవచ్చును. కావున గమకము దానిపై సులభముగ పలికినది. మనవారు దానిని ఉన్నదున్నట్లు స్వీకరింపలేదు. నిలుచుండి గడ్డము క్రింద పెట్టుకొను పద్ధతిని విడిచి, నేలపై కూర్చుండి, వాద్యపు తలను కాలి మడమపై ఆనించినారు. నాలుగు తంతులను షడ్జ పంచమములకు శ్రుతి చేసికొన్నారు. గాత్రము వెంబడి నీడవలె నడుచుటకు దానిని శిక్షణ చేసినారు. 1919లో విజయనగరమున మహారాజావారి సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైనప్పుడు, వయొలిన్ ఆచార్యులుగా ద్వారం వెంకటస్వామినాయుడుగారు వచ్చినారు. 1936లో వారే ఆ కళాశాల అధ్యక్షులైనారు. పక్కవాద్యమైన వయొలిన్ నాయుడుగారి చేతిలో కచ్చేరీకి నాయకత్వము వహించినది. దానిని పరాయి వాద్యమని నేడు ఏ తెలుగు శ్రోతయు అనడు.

ఇదే కుటుంబమునుండి మరియొక ఉదాహరణము. బాలుస్వామి వారి అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు బ్యాండు వాయించు యూరపు వరుసలకు సంస్కృత సాహిత్యము కట్టినారు. వీటినే నోట్టుస్వర సాహిత్యములందురు. ఆంగ్లేయుల రాజగీతపు వరుస కూడ వారి చేతిలో దేవీస్తుతి అయినది. ఇవి శంకరాభరణపు స్వరములలో, గమకము లేక, నిలకడగా నడచును. పిల్లలు నేటికిని ఉత్సాహముగ నేర్చుకొందురు. అయితే గమనించవలసిన సంగతి ఒకటి యున్నది. ఆ వరుసలపై ముచ్చట చూపిన దీక్షితులవారే తమ పెద్ద కృతులలో గమకమార్గమును రవ్వంతయు సడలింపలేదు. రెండిటికి వేర్వేరు స్థానములు ఇచ్చినారు. అతిథికి అరుగుపై ఆసనము వేసినారే కాని, గర్భగృహమును మార్చలేదు.

వయొలిన్ కథకు సరిగా ఎదురుగ నిలుచునది హార్మోనియము కథ. అదియును యూరపునుండి వచ్చినదే. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దానిని చేతితో తిత్తి నూపుచు నేలపై కూర్చుండి వాయించునట్లు మార్చినాడు. ఆ పెట్టె దేశమంతట వ్యాపించినది. తెలుగు నాటకరంగమున హార్మోనియము లేనిదే పద్యము లేదు. నటుడు రాగమెత్తుకొనగనే హార్మోనిస్టు శ్రుతి అందించి, పద్యము చివర రాగమును తానును ఒక చుట్టు చుట్టి వచ్చుట మన ప్రేక్షకులకు పరమానందము. అయితే దాని మెట్లు స్థిరమైనవి. రెండు మెట్ల నడుమ స్వరము లేదు. జారుటకు తావు లేదు. పైగా దాని స్వరస్థానములు యూరపు వారి పన్నెండు సమభాగముల పద్ధతివి. మన సూక్ష్మశ్రుతులకు సరిపడవు.

ఈ దోషమును రేడియోలో గట్టిగా ఎత్తిచూపినవాడు ఒక ఆంగ్లేయుడు. జాన్ ఫౌల్డ్స్ (1880–1939) మాంచెస్టరులో పుట్టి, అచ్చటి హాలె ఆర్కెస్ట్రాలో చెల్లో వాయించి, స్వరకర్తగా పేరుపొందినవాడు. 1923లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలులో ఆయన వరల్డ్ రిక్వియమ్ వినిపించినారు. 1935లో భారతదేశమునకు వచ్చి, ఢిల్లీ రేడియో కేంద్రమున పాశ్చాత్య సంగీత విభాగమును నడిపినాడు. రేడియోవారి ఆంగ్ల పత్రిక ఇండియన్ లిజనరులో 1938లో హార్మోనియమును ఎగతాళి చేయుచు వ్యాసము వ్రాసినాడు. మన వాదకులను చేర్చి, వ్రాసిన స్వరలిపిని చూచి వాయించు ఇండో యూరోపియన్ ఆర్కెస్ట్రాను తయారుచేసినాడు. 1939 ఏప్రిలులో కలకత్తాలో ఆయన మరణించుటతో ఆ ప్రయత్నము మొగ్గలోనే ఆగినది. మరుసటి యేడు జనవరిలో రవీంద్రనాథ్ ఠాకూరు కూడ హార్మోనియమును వెలివేయుమని కలకత్తా కేంద్రమునకు లేఖ వ్రాసినారు. 1940 మార్చి 1వ తేదీనుండి రేడియో కేంద్రములన్నిటను హార్మోనియము నిషిద్ధమైనది. 1971లో కాని ఆ ఆంక్ష సడలింపబడలేదు, అదియును పరిమితులతోనే.

ఇందలి విచిత్రమును శ్రోతలు గమనింతురు గాక. భారతీయ సంగీతపు శుద్ధిని కాపాడుటకు పూనుకొన్నవారిలో ఒకడు ఆంగ్లేయుడు. వెలి పడినది తెలుగు పల్లెలలో కూడ ఇంటివస్తువైపోయిన వాద్యము. అదే సమయమున వయొలిన్‌కు రేడియోలో ఏ అడ్డును లేదు. కాబట్టి ఇచ్చట నడచిన తర్కము, వాద్యము ఏ దేశమున పుట్టినదన్నది కాదు; గమకము పలుకునా లేదా అన్నది. ఆ తర్కము సరియైనదే. కాని మూడు దశాబ్దములకు పైగా దానిని ఆజ్ఞగా అమలుజరుపుట సరియైనదని చెప్పుట కష్టము. రేడియోలో లేకపోయినంత మాత్రమున హార్మోనియము భజన మందిరమునుండియు, నాటకశాలనుండియు లేచిపోలేదు. శ్రోతలకు దానియందున్న ప్రేమయు తగ్గలేదు.

రేడియో ప్రసారము మొదలగునప్పుడు దశాబ్దములపాటు ఇల్లిల్లు విన్న ఆ సంకేత స్వరము కూడ ఒక పరదేశి రచనయే. వాల్టర్ కౌఫ్‌మన్ (1907–1984) కార్ల్స్‌బాడ్‌లో పుట్టిన యూదుడు. 1934లో బొంబాయి చేరి, 1937 నుండి 1946 వరకు అచ్చటి రేడియో కేంద్రమున పాశ్చాత్య సంగీతమునకు అధికారిగా ఉండినాడు. మన సంగీతము మొదట ఆయనకు అర్థము కాలేదట. అర్థము కానిది సంగీతము తప్పు కాదు, తన తప్పు అని భావించి, దానిని శ్రద్ధతో చదివి, తరువాత మన రాగములపై గ్రంథములు రచించినాడు. ఆ సంకేత స్వరమున తంబూరా శ్రుతిపై వయొలిన్ శివరంజని ఛాయలో పలుకును. తంబూరా మనది, తంతి వాద్యము వారిది, రాగము మనది, కూర్పు ఒక శరణార్థిది. అయినను దానిని విన్న ఏ భారతీయుడును అది పరాయి స్వరమని అనుకొనలేదు.

ఇక మనవారి ప్రయత్నములు. మైహరు సంస్థానమున ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్ 1918 ప్రాంతమున, మహమ్మారిలో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను చేరదీసి, వారికి వాద్యములు నేర్పి మైహరు బ్యాండును నెలకొల్పినారు. తుపాకీ గొట్టములను కోసి నలతరంగమను కొత్త వాద్యమును తయారుచేసినారు. 1930లో నర్తకుడు ఉదయశంకర్ తన బృందముతో యూరపు వెళ్ళినప్పుడు, తిమిర్ బరన్, విష్ణుదాస్ శిరాలీ వంటివారు మన వాద్యములతోనే ఒక బృందమును కూర్చినారు. ఆ బృందముతో తిరిగిన బాలుడే తరువాతి కాలపు పండిత రవిశంకర్.

స్వాతంత్ర్యము వచ్చినది. కొత్త దేశమునకు పతాకము, గీతము ఉన్నట్లే, తనదైన వాద్యబృందము కూడ ఉండవలెనన్న కోరిక పుట్టినది. 1952లో ఢిల్లీ రేడియో కేంద్రమున జాతీయ వాద్యబృందము ఏర్పడినది. హిందూస్థానీ పక్షమున రవిశంకర్, కర్ణాటక పక్షమున టి. కె. జయరామయ్యర్ దానిని నడిపినారు. రవిశంకర్ 1956లో రేడియోను విడిచిన తరువాత, వేణువును హిందూస్థానీ కచ్చేరీ వాద్యముగ నిలిపిన పన్నాలాల్ ఘోష్ వచ్చి, 1960లో మరణించువరకు ఆ బాధ్యత వహించినారు. ద్రాక్షారామమున పుట్టి, మద్రాసు జెమినీ స్టూడియోలోను, పిమ్మట మద్రాసు రేడియోలోను పనిచేసిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు (1922–1987) కూడ ఆ బృందమునకు నిర్వాహకులై, స్వరకర్తలై తెలుగువారికి కీర్తి తెచ్చినారు.

బృందము ఏర్పడుట ఒక ఎత్తు. వాయించుట మరియొక ఎత్తు. తోడి రాగమును తీసికొందము. అందలి గాంధారము ఒకచోట నిలువదు, ఊగుచుండును. ఆ ఊపు ఎంత యుండవలెనన్నది ఒక్కొక్క గురుపరంపరలో ఒక్కొక్క తీరు. ఎనిమిది వయొలిన్లు ఎనిమిది తీరుల ఊగినచో అది తోడి కాదు, తొట్రుపాటు. అందరును ఊపు మాని నిటారుగ పలికినచో అది అసలే తోడి కాదు. కాగితముపై వ్రాయుదమన్న, యూరపు స్వరలిపి గమకమును పట్టుటకు పుట్టినది కాదు. ఈ కొరతను ముందే గుర్తించి, బాలుస్వామి వారి మనుమడు సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమునుండి తెలుగు లిపిలో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో గమకములకు వేర్వేరు గుర్తులు కల్పించినారు. అట్టి గ్రంథము రచింపుమని వారిని పురికొల్పినవారు చిన్నస్వామి ముదలియారుగారు. యూరపు స్వరలిపిలో మన కృతులను ప్రకటించినది వారే. పరాయి పద్ధతిని ఎరిగినందువలననే మనకు కావలసినదేమో తెలియవచ్చినది.

హార్మనీ విషయమునకు వచ్చిన చిక్కు ఇంకను గట్టిది. మోహన రాగమును చూడుడు. అందు షడ్జము, రిషభము, గాంధారము, పంచమము, ధైవతము ఐదు స్వరములే. యూరపు హార్మనీకి షడ్జముపై నిలిచిన కలయిక తరువాత ముఖ్యమైన స్తంభములు రెండు. ఒకటి పంచమముపై కట్టునది. దానికి నిషాదము కావలెను. రెండవది మధ్యమముపై కట్టునది. దానికి మధ్యమమే కావలెను. మోహనమున నిషాదము లేదు, మధ్యమము లేదు. స్తంభములు నిలిపినచో రాగము కూలును. రాగము నిలిచినచో స్తంభములకు తావు లేదు. అన్ని రాగములలోను చిక్కు ఇంత స్పష్టముగ కనుపింపదు. కాని హార్మనీ స్వరములను జంటలుగా బిగించును. రాగము వాటిని క్రమముగ, వక్రముగ, తన మర్యాదతో నడిపించును. కావుననే మన స్వరకర్తలు ఇతర మార్గములు వెదకినారు. గమకము నిండిన సంగతిని ఒక్క వీణకో వేణువుకో అప్పగించి, నిలకడ గల సంగతులను బృందమునకు ఇచ్చుట. ఒక వాద్యవర్గము ప్రశ్నింప మరియొక వర్గము బదులిచ్చుట. ఒకే ధారను మంద్రమునను తారమునను ఏకకాలమున వినిపించి నిండుదనము తెచ్చుట. లయవాద్యములకు ప్రత్యేకముగ చోటు కల్పించుట. ఇవియే మన వాద్యబృందపు సొంత నుడికారము.

ఇందు లాభముతోపాటు నష్టమును ఉన్నది. మన కచ్చేరీకి మకుటము మనోధర్మము. ఆ క్షణమున స్ఫురించిన దానిని ఆ క్షణముననే పలుకుట. ముప్పదిమంది కూడి వాయించుచోట అట్టి స్వేచ్ఛ ఒక్కరికో ఇద్దరికో మాత్రమే దక్కును. మిగిలినవారు వ్రాసినది వాయింపవలసినవారే. తరతరముల విద్యను వేళ్ళలో నింపుకొన్న విద్వాంసుడు వరుసలో ఒకడై కూర్చుండుట తేలిక కాదు. ఈ నష్టమును చిన్నదిగా చూచుట న్యాయము కాదు.

ఇదే ప్రశ్నను యూరపు అంచులలోని జాతులును ఎదుర్కొన్నవి. రష్యాకు చెందిన గ్లింకా ఇటలీలోను బెర్లినులోను విద్య నేర్చి వచ్చి, 1848లో రెండు రష్యను జానపద వరుసలపై కమారిన్‌స్కయా రచించినాడు. చెక్ దేశీయుడు డ్వోర్‌జాక్ 1892లో న్యూయార్కుకు వెళ్ళి, అమెరికా సంగీతము నీగ్రోల గానమునుండియు, అచ్చటి ఆదివాసుల గానమునుండియు బలము పొందవలెనని బోధించి, 1893లో న్యూ వరల్డ్ సింఫనీ వినిపించినాడు. కాని వారికి హార్మనీ ఉమ్మడి భాష. అందులో తమ యాసను నిలుపుకొనుట వారి సమస్య. మనకు భాషయే వేరు. కనుక వారి పరిష్కారము మనకు పూర్తిగ పనికిరాలేదు.

మన దేశముననే ఈ తర్జనభర్జన లేకుండ ముందుకు సాగినది సినిమా. 1948లో జెమినీవారి చంద్రలేఖకు సాలూరి రాజేశ్వరరావుగారు సంగీతము కూర్చినప్పుడు పాశ్చాత్య వాద్యములను ధారాళముగ వాడినారు. బొంబాయి స్టూడియోలలో స్వరలిపి చదువనేర్చిన గోవా వాదకులు బృందములకు వెన్నెముక అయినారు. వారిలో ఒకడైన ఆంథొనీ గొన్సాల్వెస్ 1958లో బొంబాయిలో భారతీయ రాగములను పెద్ద ఆర్కెస్ట్రాకు కూర్చి వినిపించినాడు. 1952లో సమాచారశాఖ మంత్రియైన బి. వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసి, సినిమా పాటను కట్టడి చేసినారు. శ్రోతలు మీట త్రిప్పి రేడియో సిలోన్ పట్టుకొన్నారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభము కావలసివచ్చినది. ఆజ్ఞతో అభిరుచిని పెంచలేమని రేడియోవారమైన మేము ఆ అనుభవమునుండి నేర్చుకొన్నాము. అయితే అదే కేస్కర్ కాలమున జాతీయ సంగీత కార్యక్రమము వారము వారము గొప్ప విద్వాంసులను మారుమూల ఇండ్లకు కూడ చేర్చినదన్న సంగతిని మరువరాదు.

తరువాతి సంగతులు తెలిసినవే. సితారుకు, ఆర్కెస్ట్రాకు తాను రచించిన కాన్సర్టోను రవిశంకర్ 1971లో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వినిపించినారు. పాలకొల్లున పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) యూరపు మాండొలిన్‌పై కర్ణాటక రాగములను పలికించి ప్రపంచమును మెప్పించినారు. 2006లో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వెలసినది. మాండొలిన్ మెట్లు గల వాద్యము. దానిపై గమకము పలుకదన్న శంకను ఒక తెలుగు బాలుడు తీర్చినాడు. వాద్యము చేయలేనిది కొన్నిసార్లు సాధన చేయగలదని దానివలన తెలియవచ్చినది. అందుచేత, ఇది పలుకును, ఇది పలుకదు అని ముందే తీర్పు చెప్పుట మంచిది కాదు.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. వాద్యపు జన్మస్థలమును బట్టి సంగీతపు జాతీయతను నిర్ణయింపలేము. అట్లు నిర్ణయించినచో ద్వారంవారి వయొలిన్‌ను మనము పోగొట్టుకొందుము. ఇక పరాయి పద్ధతులన్నిటిని కన్నుమూసి స్వీకరించినచో మోహనము మోహనముగ మిగులదు. ఈసారి వాద్యబృందము విన్నప్పుడు శ్రోతలు వాద్యముల పేర్లు లెక్కపెట్టక, రెండు సంగతులు చెవియొగ్గి వినగోరుచున్నాము. రాగము ముఖము చెదరలేదు కదా? బృందము నడుమ ఎక్కడనైనను ఒక్కరి మనోధర్మమునకు ఊపిరి సలిపినారా? ఈ రెండును ఉన్నచో, వాయించినవాని చేతిలోని వాద్యము ఏ ఓడలో వచ్చినను, ఆ సంగీతము మనదే.